పాపకు హెచ్‌పీవీ టీకా వేయించాలా వద్దా: భద్రాచలం సంగతి విని భయపడుతున్న ఒక తల్లికి జవాబు

అమ్మా, మీ పాపకు పదకొండేళ్లు. పిల్లల డాక్టరు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా, దానికి కారణమయ్యే హ్యూమన్ పాపిలోమా వైరస్‌ను (హెచ్‌పీవీ) అడ్డుకునే టీకా వేయించమన్నారు, మీకూ వేయించాలనే ఉంది. కానీ మీ అత్తగారిది భద్రాచలం వైపు, అప్పట్లో హాస్టల్ పిల్లలు ఈ టీకా వేయించుకునే చనిపోయారని ఆవిడ గట్టిగా చెబుతున్నారు, దానికి తోడు కోవిషీల్డ్ రక్తం గడ్డల వార్తలు, పిల్లలు పుట్టరంటూ వాట్సాప్‌లో తిరుగుతున్న వీడియో. చివర్లో "లక్షల్లో ఒకరికే అంటారు, ఆ ఒక్కరు నా కూతురే అయితే?" అని రాశారు. మిగతా ప్రశ్నలన్నిటికీ పుస్తకంలో జవాబులున్నాయి, ఈ ఒక్కదానికి మాత్రం లెక్కలు చెప్పి ఊరుకుంటే సరిపోదు, అందుకే కాస్త పెద్దగా రాస్తున్నాను.

నేను పిల్లల డాక్టర్ని, ఖమ్మం జిల్లాలోనే చాలా ఏళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను, టీకాల తర్వాత పిల్లలకు ఏదైనా తేడా జరిగితే విచారించే జిల్లా కమిటీలో కూడా పనిచేశాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: వేయించండి. అయితే డాక్టరు చెప్పాడు కదా అని తలూపి వేయిస్తే రేపు పాపకు చెయ్యి కాస్త వాచినా మీకు నిద్ర పట్టదు. ఏ భయానికి ఎంత విలువ ఇవ్వాలో తెలుసుకుని వేయించండి.

ముందు మీ అత్తగారు చెప్పేది చూద్దాం, ఎందుకంటే ఆవిడ గాలి కబురు చెప్పడం లేదు, అది నిజంగా జరిగిన సంగతి. 2009 జూలైలో, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, ఆగస్టులో గుజరాత్‌లోని వడోదరలో ఈ టీకాను ఒక నమూనా (డెమాన్‌స్ట్రేషన్) ప్రాజెక్టుగా మొదలుపెట్టారు. అమెరికాకు చెందిన పాత్ అనే సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి చేసిన పని అది, డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది, టీకాలు కంపెనీలు ఉచితంగా ఇచ్చాయి. మన దగ్గర వేసింది గార్డసిల్ అనే హెచ్‌పీవీ టీకా. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం ప్రాంతాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి వేశారు, వాళ్లలో ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండే గిరిజన పిల్లలు చాలామంది. తర్వాత కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలు వచ్చాయి, గొడవైంది, 2010 ఏప్రిల్‌లో కేంద్రం ప్రాజెక్టును ఆపేసింది.

రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు అమ్మాయిలు చనిపోయారు. ఒక అమ్మాయి క్వారీ గుంటలో మునిగిపోయింది. ఒకరిని పాము కరిచింది. ఇద్దరు పురుగుమందు తాగారు. ఒకరికి మలేరియా ముదిరింది. మిగిలిన ఇద్దరిలో ఒకరిది తీవ్రమైన జ్వరమని, ఇంకొకరిది మెదడులో రక్తస్రావం కావచ్చని రాశారు, ఆ రెండూ పూర్తిగా తేలలేదు. ప్రభుత్వం వేసిన విచారణ కమిటీ ఈ మరణాలకు టీకాతో సంబంధం కనిపించడం లేదనే చెప్పింది. ఏజెన్సీలో పనిచేసినవాళ్లకు ఈ జాబితా చదివితే ఒక సంగతి వెంటనే తడుతుంది: వానాకాలం మలేరియా, పాములు, పొలంలో అందుబాటులో ఉండే పురుగుమందు, మన పిల్లల్ని ఏటా తీసుకెళ్లే కారణాలు ఇవే. అన్ని వేల మంది పిల్లల్ని టీకా వేయకుండా అన్ని నెలలు గమనించినా కొన్ని మరణాలు కనబడతాయి, చెప్పుకోడానికి ఎంత బాధగా ఉన్నా అది నిజం. టీకా వేసిన పిల్లల పేర్లు రిజిస్టరులో ఉన్నాయి కాబట్టి ఆ మరణాలు లెక్కకు వచ్చాయి, లేకపోతే ఏ పేపర్లోనూ రావు.

కానీ మీ అత్తగారికి ఈ మాట చెప్పి "చూశారా, మీరు తప్పు" అనకండి. ఎందుకంటే ఆ ప్రాజెక్టులో తప్పు జరిగింది, చాలా పెద్ద తప్పే జరిగింది. పార్లమెంటు స్థాయీ సంఘం 2013 ఆగస్టులో ఇచ్చిన నివేదికలో ఉంది: మన రాష్ట్రానికి చెందిన 9,543 అంగీకార పత్రాలు చూస్తే అందులో 1,948 మీద వేలిముద్రలు, 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు. అంటే వేల మంది పిల్లలకు, వాళ్ల అమ్మానాన్నలకు ఒక్క మాట కూడా చెప్పకుండా, వార్డెన్ సంతకం పెట్టేస్తే సూది వేసేశారన్నమాట. వేలిముద్ర వేసిన తల్లిదండ్రులకు ఆ కాగితంలో ఏముందో ఎవరైనా చదివి చెప్పారా అన్నదీ అనుమానమే. టీకా తర్వాత పిల్లలకు ఏమవుతుందో గమనించే ఏర్పాటు కూడా సరిగ్గా లేదని ఆ నివేదిక తప్పుపట్టింది. మా ప్రాంతం జనానికి ఆ రోజు వచ్చిన కోపం న్యాయమైనది, నేను ఇప్పటికీ అదే అంటాను. అడగకుండా వేశారు, చెప్పకుండా వేశారు, అందుకే తర్వాత ఏం చెప్పినా నమ్మలేదు. ఇప్పుడు మీ విషయంలో మీరే అడుగుతున్నారు, మీరే చదువుతున్నారు, సంతకం పెడితే మీరే పెడతారు. ఆ పిల్లల తల్లులకు దక్కనిది మీకు దక్కింది, దాన్ని పూర్తిగా వాడుకోండి, డాక్టర్ని విసుగొచ్చేదాకా అడగండి.

ఈ గొడవ వల్ల ఇంకొకటి జరిగింది, దాని గురించి మనవాళ్లలో చాలా తక్కువ మందికి తెలుసు. సరిగ్గా అదే సమయంలో దేశంలో వేరే చోట్ల ఇదే టీకా మీద ఒక పెద్ద అధ్యయనం నడుస్తోంది, అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చేయించింది, హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి కూడా అందులో ఒక కేంద్రం. రెండు డోసులు చాలా, మూడు కావాలా అని తేల్చడం వాళ్ల ఉద్దేశం. 2010 ఏప్రిల్‌లో టీకాలు ఆపేయమనేసరికి అది కూడా మధ్యలో ఆగిపోయింది, కొన్ని వేల మంది అమ్మాయిలు ఒక్క డోసుతోనే మిగిలిపోయారు. అయితే పరిశోధకులు వాళ్లను వదిలేయకుండా ఏళ్ల తరబడి వెంట ఉండి పరీక్షలు చేస్తూ వచ్చారు. పదేళ్ల తర్వాత, 2021లో వచ్చిన ఫలితం ఏమిటంటే, క్యాన్సర్‌కు దారితీసే 16, 18 రకాల వైరస్ ఒంట్లో తిష్ట వేయకుండా ఒక్క డోసు ఇచ్చిన రక్షణ 95.4 శాతం, మూడు డోసులది 93.3 శాతం, అంటే దాదాపు తేడా లేదు. 2022 చివర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చిన్న వయసు వాళ్లకు ఒక్క డోసు సరిపోతుందని ఒప్పుకోవడానికి ఈ మన అమ్మాయిల లెక్కలు కూడా ఒక ముఖ్యమైన ఆధారం. ఇది ఎందుకు చెబుతున్నానంటే, "మన పిల్లల మీద ఏళ్ల తరబడి చూసిన దాఖలా ఏదైనా ఉందా" అని మీరు అడిగారు. ఉంది, పదేళ్లకు పైగా ఉంది, వాళ్లలో హైదరాబాద్ వైపు అమ్మాయిలూ ఉన్నారు.

ఇక సైడ్ ఎఫెక్ట్స్. ఈ టీకాలో బతికున్న వైరస్ ఉండదు, చచ్చిన వైరస్ కూడా ఉండదు. వైరస్ పైపొరలో ఉండే ఒకే ఒక్క ప్రోటీన్‌ను బయట తయారుచేసి బంతుల్లా పేర్చినది, లోపల ఏమీ ఉండదు, అందుకని టీకా వల్ల ఆ జబ్బు రావడం అసాధ్యం. సూది వేసిన చోట నొప్పి మాత్రం గ్యారంటీ, మామూలు టీటీ ఇంజెక్షన్ కంటే కాస్త ఎక్కువే ఉంటుంది, ఒకటి రెండు రోజులు చెయ్యి పైకెత్తాలంటే మూలుగుతారు. కొందరికి తలనొప్పి, కొద్దిగా జ్వరం, నీరసం. పారాసిటమాల్ చాలు.

తర్వాత చూసేది కళ్లు తిరగడం. పదకొండు, పన్నెండేళ్ల పిల్లలకు ఏ సూది వేసినా ఇది ఉంటుంది, ఈ టీకాకు ఇంకాస్త ఎక్కువగా కనిపిస్తుంది. మా క్లినిక్‌లో ఎలా ఉంటుందో చెబుతాను. పాప పొద్దున్నుంచీ భయంతో టిఫిన్ సరిగ్గా తినదు, సూది వేశాక బాగానే లేచి నిలబడుతుంది, రెండు మూడు నిమిషాలకు మొహం తెల్లబడి నుదుటి మీద చెమట పడుతుంది, "మమ్మీ, నాకు ఏదోలా ఉంది" అంటూ వాలిపోతుంది, ఒక్కోసారి కాళ్లూ చేతులూ రెండు మూడుసార్లు అదురుతాయి, తల్లి ఫిట్స్ అనుకుని కేకలు పెడుతుంది. బల్ల మీద పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తి పెడితే నిమిషం, రెండు నిమిషాల్లో కళ్లు తెరుస్తుంది, కాసేపటికి నీళ్లు తాగి లేచి కూర్చుంటుంది. దీనిలో ఉన్న ప్రమాదమల్లా నిలబడి ఉండగా పడిపోయి తలకు దెబ్బ తగలడమే. అందుకే కూర్చోబెట్టి గాని పడుకోబెట్టి గాని వేయాలి, కనీసం 15 నిమిషాలు అక్కడే ఉంచాలి. వేసిన వెంటనే "అయిపోయింది, వెళ్లొచ్చు" అనే చోట వేయించకండి.

నిజంగా భయపడాల్సిన రియాక్షన్ ఒకటుంది, అది అనాఫిలాక్సిస్ అనే తీవ్రమైన అలర్జీ. దీనికీ కళ్లు తిరగడానికీ తేడా మీకు తెలిసి ఉండాలి. ఇందులో ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి, పెదాలు, కళ్ల చుట్టూ వాస్తాయి, గొంతు పట్టేసినట్టు అవుతుంది, పిల్లికూతలతో ఆయాసం వస్తుంది, కొందరికి వాంతులవుతాయి, నాడి బలహీనంగా వేగంగా కొట్టుకుంటుంది, పడుకోబెట్టినంత మాత్రాన తేరుకోరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ టీకా భద్రతా కమిటీ 2017లో, అప్పటికి ప్రపంచమంతా పంపిణీ అయిన 27 కోట్ల డోసుల అనుభవం చూసి చెప్పిన లెక్క: పది లక్షల డోసులకు ఇంచుమించు 1.7 కేసులు. మీరు అడిగిన "ఆ ఒక్కరు" ఇక్కడే ఉన్నారు. అయితే ఆ ఒక్కరికి ఏమవుతుందన్నది కూడా చూడాలి కదా. ఈ రియాక్షన్ సాధారణంగా నిమిషాల్లోనే, మీరు ఇంకా ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని ఉండగానే మొదలవుతుంది. తొడ కండరంలో వెంటనే అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇస్తే పిల్లలు తేరుకుంటారు, తర్వాత ఆసుపత్రిలో ఉంచి గమనిస్తారు. టీకా వేసే ప్రతి చోటా ఆ అడ్రినలిన్ ఆంప్యూల్ ఉండాలి, గడువు తేదీ దాటనిది, పిల్లల వయసుకు ఎంత ఇవ్వాలో రాసిన చీటీతో సహా ఉండాలి. ప్రభుత్వ టీకా శిబిరాల్లో ఏఎన్ఎమ్ దగ్గర కూడా ఆ కిట్ ఉంటుంది, అడ్రినలిన్ మొదటి డోసు ఇవ్వడానికి వాళ్లకు శిక్షణ ఉంటుంది. సిగ్గుపడకుండా "అడ్రినలిన్ ఉందా అండీ, ఒకసారి చూపిస్తారా" అని అడగండి. చూపించడానికి విసుక్కునే చోట నా కూతురికైతే నేను వేయించను.

అంటే మీ ప్రశ్నకు నా జవాబు ఇదీ: ఆ ఒక్కరు మీ పాపే అయితే, ఆ పావుగంట, అరగంట సరైన చోట కూర్చుని ఉంటే, ఆ పాప ఇంటికొస్తుంది. దానికి సిద్ధపడి ఉండటం మన చేతిలో ఉన్న పని.

కోవిషీల్డ్ సంగతి రాశారు. ఆ రక్తం గడ్డల సమస్య అబద్ధం కాదు, అది నిజమైన, ప్రాణం తీయగల సైడ్ ఎఫెక్ట్, దాని బారిన పడిన కుటుంబాలకు "చాలా అరుదు" అన్న మాట ఏ ఓదార్పూ ఇవ్వదు. కానీ అది ఎప్పుడు బయటపడిందో చూడండి. 2024లో లండన్ కోర్టు కాగితాలు చూసి మన టీవీలు కొత్తగా కనిపెట్టినట్టు చూపించాయి గాని, యూరప్ డాక్టర్లు 2021 మార్చిలోనే, టీకాలు మొదలైన కొద్ది నెలలకే పట్టుకున్నారు. బ్రిటన్‌లో 50 ఏళ్ల లోపు వాళ్లలో మొదటి డోసు తర్వాత సుమారు 50 వేల మందిలో ఒకరికి వచ్చిందని తేలింది, వెంటనే 40 ఏళ్ల లోపు వాళ్లకు వేరే టీకా ఇవ్వాలని నిర్ణయించారు. వచ్చినవాళ్లలో ఎక్కువమందికి టీకా వేసుకున్న కొద్ది వారాల్లోనే వచ్చింది. ఈ ఉదాహరణ నాకు టీకాల మీద నమ్మకం తగ్గించలేదు. 50 వేలల్లో ఒకటిగా ఉన్న ప్రమాదాన్ని కూడా కొన్ని నెలల్లో పసిగట్టగలిగారంటే, 2006 నుంచి ప్రపంచమంతా వాడుతున్న టీకాలో అలాంటిది ఏదైనా ఉంటే ఈపాటికి బయటపడకుండా ఉండదు. పైగా ఆ టీకా తయారీ వేరు, జలుబు జాతి వైరస్‌ను వాహనంగా వాడినది. ఇందులో వైరస్సే లేదని పైన చెప్పాను.

పిల్లలు పుట్టరన్న వీడియో గురించి ఎక్కువ రాయను. అండాశయాలు ముందే పనిచేయడం మానేస్తాయన్నది ఆ ప్రచారం. డెన్మార్క్‌లో దాదాపు పది లక్షల మంది అమ్మాయిల ఆరోగ్య రికార్డులు తీసి వేయించుకున్నవాళ్లను, వేయించుకోనివాళ్లను పోల్చి చూశారు, 2021లో ప్రచురించారు, ఏ తేడా లేదు. నిజానికి పిల్లలు పుట్టకుండా చేసేది క్యాన్సర్‌కు ఇచ్చే చికిత్స: గర్భసంచి తీసేయడం, రేడియేషన్. ఇంకో మాట, మీ పాప రజస్వల అయినా కాకపోయినా టీకాకు తేడా లేదు, నెలసరి రోజుల్లో ఉన్నా వేయించవచ్చు.

"పెళ్లి కాని పిల్లకు ఇదేం టీకా" అన్న మాట మీరు రాయలేదు గాని, ఇంట్లో ఎవరో ఒకరు అనే ఉంటారు, మా దగ్గరకొచ్చే తల్లుల్లో చాలామంది గొంతు తగ్గించి అడిగేది ఇదే. ఇది లైంగిక సంబంధం ద్వారా సోకే వైరస్, ఒంట్లోకి రాకముందు వేస్తేనే టీకా పూర్తిగా పనిచేస్తుంది, 9 నుంచి 14 ఏళ్ల మధ్య వేస్తే శరీరం ఇంకా బాగా స్పందిస్తుంది, అందుకే ఈ వయసు. అమ్మాయి ఎంత పద్ధతిగా పెరిగినా, రేపు పెళ్లాడిన భర్తకు తనకు తెలియకుండానే ఆ వైరస్ ఉండవచ్చు. ఇది చాలా మామూలు వైరస్, దీనితో ఎవరి నడవడికనూ కొలవలేం.

జపాన్ సంగతి చెబుతాను, ఎందుకంటే మీరు ఇప్పుడు ఉన్న చోటే ఒక దేశం మొత్తం తొమ్మిదేళ్లు ఉండిపోయింది. 2013 ఏప్రిల్‌లో అక్కడ ఈ టీకాను మామూలు టీకాల్లో చేర్చారు. అప్పటికే ఒళ్లు నొప్పులు, నడవలేకపోవడం, కాళ్లూ చేతులూ వాటంతటవే కదలడం లాంటి లక్షణాలతో కొందరు అమ్మాయిల దృశ్యాలు టీవీల్లో పదే పదే వచ్చాయి. ఏ తల్లికైనా అవి చూస్తే కడుపు తరుక్కుపోతుంది. రెండు నెలలకే, జూన్‌లో ప్రభుత్వం టీకా వేయించుకోమని చెప్పడం మానేసింది. 70 శాతం దాకా ఉన్న టీకా వేయించుకునేవాళ్ల సంఖ్య ఒక్క శాతం కంటే కిందికి పడిపోయింది. తర్వాత నగోయా నగరంలో దాదాపు 30 వేల మంది అమ్మాయిలను అడిగి 24 రకాల లక్షణాలను లెక్కగట్టారు, వేయించుకోని అమ్మాయిల్లో కూడా ఆ లక్షణాలు అంతే ఉన్నాయి. ఆ పిల్లల బాధ అబద్ధమని దీనర్థం కాదు, ఆ వయసులో అలాంటి జబ్బులు టీకాతో సంబంధం లేకుండా వస్తాయి, వాళ్లకు వైద్యం అందాలి. ప్రభుత్వం మళ్లీ 2022 ఏప్రిల్‌లో టీకా వేయించుకోమని చెప్పడం మొదలుపెట్టింది. మధ్యలో వయసు దాటిపోయిన అమ్మాయిలకు ఆ తొమ్మిదేళ్లు వృథా అయ్యాయి. స్కాట్లండ్ 2008లో బడుల్లో మొదలుపెట్టి ఆపలేదు, అక్కడ 12, 13 ఏళ్లకే టీకా వేయించుకున్న అమ్మాయిల్లో ఈ క్యాన్సర్ ఒక్క కేసు కూడా నమోదు కాలేదని 2024లో లెక్కలు వచ్చాయి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మీకు గుబులు పుట్టిస్తున్నది లెక్కలు కావని నాకనిపిస్తోంది. "నేను వేయించి పాపకు ఏదైనా అయితే నా చేతులారా చేసినట్టు, వేయించకుండా ఏదైనా వస్తే అది ఖర్మ": మీ ప్రశ్న మొత్తంలో ఈ భయమే ఉంది. ఈ భయం తల్లి మనసుకు సహజం, దాన్ని నేను తప్పుపట్టను. కానీ వద్దనుకోవడం కూడా మీరు తీసుకునే నిర్ణయమే, కాకపోతే దాని ఫలితం రేపు కనబడదు, మీ పాపకు నలభై, నలభై ఐదు ఏళ్లు వచ్చాక కనబడుతుంది, అప్పటికి ఈ రోజును ఎవరూ గుర్తుపెట్టుకోరు. వైరస్ సోకిన తర్వాత క్యాన్సర్ కావడానికి మామూలుగా 15, 20 ఏళ్లు పడుతుంది. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఒక్క ఏడాదిలో ఈ క్యాన్సర్ కొత్తగా వచ్చినవాళ్లు లక్షా 27 వేల మందికి పైగా, చనిపోయినవాళ్లు దాదాపు 80 వేల మంది. ఒక ఆడపిల్ల జీవితకాలంలో చూస్తే సుమారు 50, 60 మందిలో ఒకరికి. మీ పాప క్లాసులో ఎంతమంది ఆడపిల్లలున్నారో లెక్కపెట్టుకోండి. ఒక పక్క పది లక్షల డోసులకు ఒకటి రెండుసార్లు, అది కూడా మందు చేతిలో ఉండే ప్రమాదం. ఇంకో పక్క ఇది.

నేను పిల్లల డాక్టర్ని కాబట్టి ఈ క్యాన్సర్ రోగులు నా దగ్గరకు రారు, హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో చూసిందే. పొలం పనులకు వెళ్లే ఒక ఆవిడ, నలభై దాటి ఉంటాయి, ఏడాదిగా తెల్లబట్ట, మధ్యమధ్యలో రక్తం, చెప్పుకోడానికి సిగ్గుపడి గుడ్డలు మార్చుకుంటూ నెట్టుకొచ్చింది. వాసన వస్తోందని ఇంట్లో వాళ్లు విడిగా పడుకోమన్నారట, ఆ మాట చెప్పేటప్పుడు మాత్రమే కళ్లనీళ్లు పెట్టుకుంది, నొప్పి గురించి చెప్పేటప్పుడు పెట్టుకోలేదు. అప్పటికే మూత్రనాళాలు మూసుకుపోయి కిడ్నీలు దెబ్బతిన్నాయి. మన దగ్గర ఇలా ముదిరాక వచ్చేవాళ్లే ఎక్కువ. ఇది భయపెట్టడానికి రాయడం లేదు, మీ తక్కెడలో ఒక పక్కన వాట్సాప్ వీడియో ఉంది, రెండో పక్క ఖాళీగా ఉంది, అందుకని రాస్తున్నాను.

టీకా వేయించకూడని, లేదా వాయిదా వేయాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. మొదటి డోసుకు తీవ్రమైన అలర్జీ వస్తే రెండోది వద్దు. ఈస్ట్ పడక తీవ్రమైన రియాక్షన్ వచ్చిన చరిత్ర ఉంటే ముందే చెప్పాలి, మన దగ్గర దొరికే గార్డసిల్, సెర్వావాక్ రెండూ ఈస్ట్‌లో తయారైనవే. ఎక్కువ జ్వరం ఉన్న రోజు వేయించకండి, తగ్గాక వెళ్లండి. గర్భిణులకు వేయరు. రక్తం గడ్డకట్టని జబ్బు ఉన్నా, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడుతున్నా డాక్టరుకు చెప్పాలి, ఆపాలని కాదు, జాగ్రత్తగా వేయడానికి, డోసులు సరిచూడటానికి. ఆస్తమా, దుమ్ము పడకపోవడం, చిన్నప్పటి జ్వరం ఫిట్స్, ఇవేవీ అడ్డం కావు.

ఏ కంపెనీది అని కూడా అడిగారు. సెర్వావాక్ పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారీ, 2022లో అనుమతి వచ్చింది, 16, 18తో పాటు మరో రెండు రకాల మీద పనిచేస్తుంది. గార్డసిల్ 9 తొమ్మిది రకాల మీద పనిచేస్తుంది గాని బయట కొంటే ఒక్క డోసే పది వేల చుట్టుపక్కల ఉంటుంది, సెర్వావాక్ దానికంటే చాలా తక్కువ. మన దేశంలో ఈ క్యాన్సర్లలో అత్యధిక భాగానికి కారణం 16, 18 రకాలే, కాబట్టి డబ్బు చూసుకుని చవకది వేయించినా పాపకు అన్యాయం చేసినట్టు కాదు. ఖరీదైనది కొనలేకపోయామే అని ఏ తల్లీ బాధపడొద్దు. మీ పీహెచ్‌సీలోనో పాప బడిలోనో ఉచితంగా ఇస్తారేమో ముందు మీ ఆశా కార్యకర్తను గాని ఏఎన్ఎమ్‌ను గాని కనుక్కోండి. బయట ఇప్పటికీ 15 ఏళ్ల లోపు పిల్లలకు ఆరు నెలల తేడాతో రెండు డోసులు రాస్తున్నారు, ఆ ప్రకారమే వేయించుకోవచ్చు. 15 దాటితే మూడు డోసులంటారు, కాబట్టి ఏళ్ల తరబడి నాన్చకండి.

వెళ్లే రోజు పాపకు కడుపునిండా టిఫిన్ పెట్టి తీసుకెళ్లండి. ఏం టీకా, ఎందుకు వేస్తున్నారో దారిలో తనకు కూడా చెప్పండి, పదకొండేళ్ల పిల్లకు అర్థమవుతుంది, తన ఒంటికి ఏం జరుగుతుందో తెలుసుకునే హక్కు తనకూ ఉంది, ఆ భద్రాచలం పిల్లలకు ఆ మాట ఎవరూ చెప్పలేదు. టీకా ఫ్రిజ్‌లోంచి తీయడం, పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ మీ కళ్లతో చూడండి, బ్యాచ్ నంబరు కార్డు మీద రాయించుకుని ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. అరగంట అక్కడే కూర్చోండి. ఇంటికొచ్చాక దద్దుర్లు, పెదాల వాపు, ఆయాసం కనిపిస్తే ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి. ఆ తర్వాత వారాల్లో పాపకు ఏదైనా అనుమానంగా అనిపిస్తే, అది టీకా వల్లో కాదో తేల్చే పని మీది కాదు, డాక్టరుకు గాని ఏఎన్ఎమ్‌కు గాని చెప్పి టీకా తర్వాత వచ్చిన సమస్యగా నమోదు చేయమని అడగండి. 1800-180-3024 నంబరుకు మీరే ఫోన్ చేసి కూడా చెప్పవచ్చు, అది మందుల సైడ్ ఎఫెక్ట్స్ నమోదు చేసే జాతీయ హెల్ప్‌లైన్. జిల్లా కమిటీలో ఉన్నప్పుడు నేను చూసింది ఇదే, కేసులు నమోదైతేనే విచారణ జరుగుతుంది, నిజమైన సమస్య ఉంటే అప్పుడే బయటపడుతుంది. మీ అత్తగారిని కూడా ఆ రోజు వెంట తీసుకెళ్లండి, ఆవిడ ప్రశ్నలు ఆవిడనే డాక్టర్ని అడగనివ్వండి.

ఇంకొక్క మాట, ఇది మీ గురించి. మీ వయసు రాయలేదు, పదకొండేళ్ల పాప ఉందంటే ముప్పై దాటే ఉంటాయనుకుంటున్నాను. ఈ టీకా పాపకు ఉపయోగపడినట్టు మీకు ఉపయోగపడదు, మీకు కావాల్సింది పరీక్ష. పాప్ స్మియర్ గాని, హెచ్‌పీవీ డీఎన్ఏ పరీక్ష గాని, ప్రభుత్వ ఆసుపత్రుల్లో చేసే వెనిగర్ లాంటి ద్రావణం రాసి చూసే పరీక్ష గాని, ఏదో ఒకటి చేయించుకోండి. నొప్పి పెద్దగా ఉండదు, ఐదు పది నిమిషాల పని, క్యాన్సర్ కాకముందు దశలోనే పట్టుకుని అక్కడికక్కడే వైద్యం చేయవచ్చు. పాపను టీకాకు తీసుకెళ్లే ఆసుపత్రిలోనే గైనకాలజిస్టు ఉంటే, అదే రోజుకు మీకూ ఒక అపాయింట్‌మెంట్ తీసుకోండి.